దవడ ఆపరేషన్ ప్యాకేజీకి తల ఊపే ముందు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపున్న తెలుగు తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను.

మా పాప నాలుగేళ్లప్పుడు అరుగు మీద నుంచి పడింది. గడ్డం కింద కుట్లు వేయించాం, గాయం మానింది, మరిచిపోయాం. ఆ దెబ్బకు చెవి ముందున్న దవడ కీలులో ఎముక నలిగి పుర్రెకు అతుక్కుపోతోందని ఊహించలేదు. ఎనిమిదో ఏడు వచ్చేసరికి నోట్లో చిటికెన వేలు కూడా పట్టలేదు. అన్నం మెత్తగా పిసికి పళ్ల సందులోంచి నెట్టుకునేది. గడ్డం ఒక పక్కకు ఒరిగింది, రాత్రంతా గురక. దవడ కీలు ఇలా బిగుసుకుపోవడాన్ని టీఎంజే ఆంకైలోసిస్ అంటారట.

దగ్గరలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చిన్న ఆపరేషనే, 80 వేల ప్యాకేజీ, మూడు రోజుల్లో ఇంటికి అన్నారు. సీటీ స్కాన్ అక్కర్లేదా అంటే ఎక్స్‌రే చాలన్నారు. చదువుకున్నవాడినై ఉండి తల ఊపాను. ఆపరేషన్ అయ్యాక నోరు రెండు వేళ్లంత తెరుచుకుంది. మజ్జిగౌరి అమ్మవారికి కొబ్బరికాయ కూడా కొట్టి వచ్చాం. డిశ్చార్జి కాగితంలో మాత్రలున్నాయి, మెత్తటి ఆహారం ఉంది, నోటి వ్యాయామం మాత్రం లేదు. పైగా, నొప్పి అంటే దవడ కదిలించవద్దన్నారు! నాలుగు నెలల్లో నోరు మళ్లీ మూసుకుపోయింది. వెళ్లి అడిగితే పాప శరీర తత్వం అన్నారు.

విశాఖలో నోరు, దవడల శస్త్రవైద్యుడు చెబితే గానీ మాకు కళ్లు తెరుచుకోలేదు. అతుక్కున్న ఎముకను వెడల్పుగా తీసేయాలి. అవసరమైతే దవడకు ముందు వైపు కొమ్ములాంటి ఎముకనూ కోయాలి. ఆపరేషన్ బల్ల మీదే నోరు 35 మిల్లీమీటర్లకు పైగా తెరుచుకోవాలి. ఎముకలు మళ్లీ కలవకుండా ఖాళీలో కణత కండరం పొర అమర్చాలి. అమెరికా దవడ శస్త్రవైద్యుడు కాబన్ బృందం 1990లోనే ప్రచురించిన పద్ధతి ఇది, కొత్త విద్యేమీ కాదు. ఎముక ఎంత లోతుకు పాకిందో, లోపలి వైపు రక్తనాళానికి ఎంత దగ్గరగా ఉందో సీటీలోనే తెలుస్తుంది. మత్తు సంగతి కూడా అడగండి. నోరు తెరుచుకోని పిల్లలకు ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం సాయంతో శ్వాసనాళంలోకి ట్యూబు వేయాలి. ఆ పరికరం, అది వాడగల మత్తు వైద్యులు లేనిచోట పిల్లను బల్ల ఎక్కించకండి.

మొదటి ఆసుపత్రివాళ్లు ఆపరేషన్ వివరాల కాగితం కోసం మూడుసార్లు తిప్పించుకున్నారు. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమాల్లోనే ఉంది. మాకది తెలియక నోటిమాటతో అడిగాం, మీరు రాతపూర్వకంగా అడగండి. మొదటిసారి ఎంత ఎముక తీశారో తెలియక, మచ్చ కణజాలం మధ్య రెండో ఆపరేషన్ చాలా కష్టమైంది.

ఇప్పుడు రోజూ చాలాసార్లు పళ్ల మధ్య ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పెట్టి తెరిపిస్తున్నాం. కనీసం ఆరు నెలలు మానకూడదన్నారు. పాప ఏడుస్తుంది, వాళ్లమ్మ పక్క గదిలోకి వెళ్లిపోతుంది, పుల్లలు నేనే లెక్కపెడతాను. నిన్నటికి పదిహేను.