ఫేజర్ వేగం పెంచాలంటే: కెపాసిటరా, రెసిస్టరా?

చెన్నైలో గిటార్ పట్టిన మన తెలుగు కుర్రాళ్లకు ఫేజర్ పెడల్ (గిటార్ నాదాన్ని అలలా ఊపే పెట్టె) నిదానంగా తోస్తే, ఎలక్ట్రానిక్స్ అంగళ్లుండే రిచీ స్ట్రీట్‌కు వెళ్లి చిన్న కెపాసిటర్ కొంటారు. పని సులువే. ఆ ఊపును పుట్టించే నిదానపు ఆసిలేటర్ (ఎల్‌ఎఫ్‌ఓ)లో కాలాన్ని నిర్ణయించే కెపాసిటర్ విలువను సగం చేస్తే వేగం రెట్టింపవుతుంది. అయితే అది స్పీడ్ నాబ్ పొడవునా రెట్టింపవుతుంది. ఫేజర్‌కు అందాన్నిచ్చే ఆ నిదానపు ఊపు పోతుంది. నాకైతే అది పెద్ద నష్టమే.

రెండో దారి, స్పీడ్ పాట్‌కు (ఆ నాబ్‌తో మారే రెసిస్టర్‌కు) సిరీస్‌లో, అంటే వరుసగా, ఉన్న రెసిస్టర్‌ను తగ్గించడం. పాట్ 500 కిలో ఓమ్‌లు, రెసిస్టర్ 4.7 కిలో ఓమ్‌లు అనుకుందాం. దాని స్థానంలో 2.2 పెడితే, నాబ్‌ను పూర్తిగా తిప్పినప్పుడు నిరోధం సగం కన్నా తగ్గి వేగం రెట్టింపు దాటుతుంది. అటు నిదానపు కొసలో 504.7 కాస్తా 502.2 అవుతుంది, ఆ తేడా ఏ చెవికీ అందదు. మరీ తగ్గిస్తే మాత్రం ఆసిలేటర్‌ను నడిపే యాంప్లిఫయర్ చిప్ (ఆప్-ఆంప్) మీద భారం పడి ఆసిలేటర్ మొరాయించవచ్చు. పైగా లాభమంతా నాబ్ చివరి కొసలోనే ఇరుక్కుంటుంది.

ఫేజర్‌కు నా ఓటు రెసిస్టర్‌కే. నిదానంతో పనిలేని ట్రెమలోకైతే (శబ్దాన్ని పెంచుతూ తగ్గించే పెడల్‌కైతే) కెపాసిటర్ మార్చండి. ఎలక్ట్రోలిటిక్ రకమైతే ప్లస్, మైనస్ చూసి సోల్డరింగ్ చేయండి.