లేజర్‌తో కళ్లజోడు వదిలించుకోవాలనుకుంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నాకు రెండు కళ్లకూ మైనస్ 6 సైటు. మొన్న మార్చిలో హైదరాబాదులోని ఒక కంటి ఆసుపత్రిలో లాసిక్ చేయించుకున్నాను. మర్నాడు అక్షరాల పట్టిక అడుగు వరస దాకా చదివాను. 6/6 అని రాసి ఫైలు మూసేశారు.

నా కష్టాలు ఆ పట్టికలో పట్టుబడేవి కావు. పొద్దుగూకాక ఎదురొచ్చే లారీ దీపం పొద్దుతిరుగుడు పువ్వులా విచ్చుకుంటుంది. ఆ వెలుగులో రోడ్డు దాటే మనిషి కనబడడు. రాత్రిపూట బండి తీయడం మానేశాను. తెల్లవారాక రెప్ప నల్లగుడ్డుకు అతుక్కుని ఉంటుంది. ఒక్కసారిగా తెరిస్తే గీరినట్టు మంట. అందుకే కళ్లు మూసుకునే దిండు పక్కన చుక్కల మందు తడుముకుని, రెప్పల సందున వేసి, నిమిషం ఆగి తెరుస్తాను.

లాసిక్‌లో నల్లగుడ్డు మీది పారదర్శక పొర (కార్నియా) పైభాగాన్ని పలుచగా కోసి మూతలా పక్కకు తిప్పి, కింది భాగాన్ని లేజర్‌తో సరిచేస్తారు. కన్ను పొడిబారిందని కబురు పంపి కన్నీరు ఊరించే సన్నని నరాలు ఆ కోతలో తెగుతాయి. చాలామందికి ఆరు నెలల్లోనో ఏడాదిలోనో సర్దుకుంటుంది. ముందునుంచే కళ్లు పొడిగా ఉన్నవాళ్లకే ముప్పు ఎక్కువ. కంప్యూటర్ ముందు సాయంత్రానికి కళ్లు మండుతాయని నేను చెప్పాను. "అందరికీ ఉండేదే" అన్నారు కౌన్సెలర్. కింది రెప్పలో సన్నని కాగితం పట్టీ ఉంచి, అయిదు నిమిషాల్లో ఎంత తడుస్తుందో చూసే పరీక్ష ఒకటుంది. నాకు చేయలేదు. చీకట్లో కంటిపాప ఎంత విచ్చుకుంటుందో కూడా కొలవలేదు. లేజర్ సరిచేసిన మేరను దాటి పాప విచ్చుకుంటే వెలుగు చెదరవచ్చని తర్వాత ఇంకో డాక్టరు చెప్పారు. నల్లగుడ్డు మందం, ఆకారం మాత్రం చూశారు. అయితే కాంటాక్టు లెన్సులు మూడు రోజుల ముందు తీస్తే చాలన్నారు. మెత్తని లెన్సులైనా కనీసం వారం, రెండు వారాల ముందే తీయాలి, గట్టివైతే ఇంకా ముందే. లేకపోతే లెన్సు ఒత్తిడికి మారిన ఆకారాన్నే కొలుస్తారు.

ఈ పరీక్షలన్నీ జరిగాయా అని అడగండి, కాగితం మీద చూపించమనండి. ఉగాది తగ్గింపు శనివారంతో సరి అంటే నేను తొందరపడ్డాను. మీరు పడకండి. అంగీకార పత్రాన్ని ముందురోజే ఇంటికి తెచ్చుకుని చదవండి. నాకు కంట్లో మత్తుచుక్కలు వేసి, తలకు టోపీ తొడిగాక చేతికిచ్చారు. వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశాను. కళ్లు పొడిబారడం, దీపాల చుట్టూ వలయాలు రెండూ అందులో నాలుగో పేజీలో ఉన్నాయి.