చవక ఫ్లెక్స్ పెన్నులు: నాలుగేళ్ల వాడకం తర్వాత

నా కుడిచేతి చూపుడువేలి గోరు పక్కన ఒక ఇంకు మరక నాలుగేళ్లుగా కాపురం ఉంటోంది. రంగు మారుతుంది తప్ప మరక మాత్రం పోదు. చవక ఫ్లెక్స్ పెన్ను కొనాలా వద్దా అని ఎవరైనా అడిగితే ముందు ఆ వేలు చూపిస్తాను. అది చూసి నవ్వినవాళ్లకు మిగతా కథ చెబుతాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలు ఫౌంటెన్ పెన్ను పాళీని కాస్త గట్టిగా నొక్కినా గీత మందం పెద్దగా మారదు. ఫ్లెక్స్ పాళీని నొక్కితే మధ్య చీలికకు అటూ ఇటూ ఉన్న రెక్కలు విచ్చుకుని గీత లావవుతుంది. ఒత్తిడి తీసేస్తే రెక్కలు దగ్గరికొచ్చి గీత మళ్లీ సన్నబడుతుంది. కాపర్‌ప్లేట్, స్పెన్సేరియన్ లాంటి పాత ఇంగ్లిష్ దస్తూరీల్లో కనిపించే లావు సన్నాల సొగసంతా అలా వచ్చిందే.

ఒకప్పుడు ఇలాంటి మెత్తటి పాళీలు బాగానే దొరికేవి. ఆఫీసుల్లో కార్బన్ పేపర్ పెట్టి ఒకేసారి రెండు మూడు ప్రతులు తీసే పనికి అవి పనికిరాలేదు, అందుకని వంగని గట్టి పాళీలు వచ్చాయి. ఆ తర్వాత బాల్‌పెన్ను వచ్చి అందరికీ నొక్కి రాసే అలవాటు చేసింది. ఇప్పుడు కొత్తగా చేసే బంగారు పాళీ ఫ్లెక్స్ పెన్ను కావాలంటే జేబు బాగా బరువుండాలి. ఆ ఖాళీలోకే ఉక్కు పాళీ ఫ్లెక్స్ పెన్నులు దూరాయి. నూడ్లర్స్ కంపెనీ 2011లో తెచ్చిన ఏహాబ్ పెన్ను వీటిలో బాగా పేరు తెచ్చుకుంది. ఉక్కు పాళీ, ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేసిన ఫీడ్ (పాళీకి ఇంకు అందించే ముక్క), దేనికది విప్పి సర్దుకునే వీలు దాని ప్రత్యేకత. నా మొదటి పెన్ను అది కాదు, అదే దారిలో ఇంకొకరు చేసినది.

వీడియోల్లో చూస్తే అరచేతిలో వైకుంఠమే. పాళీ అలా తాకగానే గీత ఉబ్బి, అలా తేలిపోతుంది. నేను మాత్రం పెన్ను రాగానే ఇంకు నింపి, గట్టిగా నొక్కి ఒక పెద్ద 'S' లాగాను. మొదటి సగం బాగానే వచ్చింది. రెండో సగంలో ఇంకు మధ్యలో తెగిపోయి, రెండు అంచుల్లో రెండు సన్న గీతలు మాత్రం మిగిలాయి. అచ్చం రైలు పట్టాలే. ఇంగ్లిష్‌లో దీన్ని రైల్‌రోడింగ్ అనే అంటారని తర్వాత తెలిసింది. మొదటి వారమంతా నేను రాసింది పట్టాలే, ఒక్క రైలూ రాలేదు.

మొదట పాళీదే తప్పనుకున్నాను. నాలాంటి కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు ఇదే. పెన్ను కొనేటప్పుడు అందరం పాళీనే చూస్తాం, ఎంత విచ్చుకుంటుంది, ఎంత సన్నగా గీస్తుంది అని. నాలుగేళ్ల తర్వాత నా అభిప్రాయం వేరు. ఫ్లెక్స్ పెన్నులో అసలు పని పాళీ కింద ఉండే ఆ నల్లటి ముక్కది, ఫీడ్‌ది. రెక్కలు విచ్చుకున్నప్పుడు గీత వెడల్పు మూడు నాలుగింతలు అవుతుంది, కావాల్సిన ఇంకూ దానికి తగ్గట్టే పెరుగుతుంది. అంత ఇంకు ఆ క్షణంలో అందించాలి, దిగిన ఇంకు బదులు లోపలికి గాలి కూడా వెళ్లాలి. ఈ రెండు పనులూ ఫీడ్ మీద ఉండే సన్నటి కాలవల్లోనే జరుగుతాయి. 1884లో వాటర్‌మన్ పేటెంట్ తీసుకున్నది ఈ ఫీడ్ మీదే. పాళీ ఎంత గొప్పదైనా కాలవలో ఇంకు రాకపోతే ఎండిపోయిన చేనే.

ముందు తేలికైన పని చేశాను, కడగడం. కొత్త పెన్నుల్లో తయారీ నాటి నూనె జిడ్డు మిగిలే అవకాశం ఉంటుంది, జిడ్డున్న చోట ఇంకు అంటుకోదు. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేసి, పాళీ, ఫీడ్ విడదీసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. సగం పట్టాలు అక్కడే పోయాయి. ఇంకేమీ చేయకపోయినా ఈ ఒక్కటి చేయండి.

తర్వాత వేడినీళ్ల పని. ఎబొనైట్ అంటే గంధకం ఎక్కువగా కలిపి గట్టిపరిచిన రబ్బరు. వేడికి మెత్తబడుతుంది, చల్లారితే ఆ ఆకారంలోనే ఉండిపోతుంది. పాళీని ఫీడ్ మీద సరిగ్గా కూర్చోబెట్టి, వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూస్తే నా పెన్నులో రెండింటి మధ్య సందు కనిపించింది. ఆ సందు దగ్గరే ఇంకు ఆగిపోతోంది. మరిగించి దించిన నీళ్లలో పాళీ భాగాన్ని అర నిమిషం ముంచి, తీసి, గుడ్డ అడ్డుపెట్టుకుని బొటనవేలితో ఫీడ్‌ను పాళీకి ఒత్తి చల్లారేదాకా పట్టుకున్నాను. రెండుసార్లు చేస్తే సందు మూసుకుంది. నల్లటి ఫీడ్ కాస్త వెలిసి మట్టిరంగు తిరిగింది, కాల్చిన రబ్బరు వాసన రెండు రోజులు వదల్లేదు, అంతే. ప్లాస్టిక్ ఫీడ్‌కు మాత్రం ఈ పని చేయకండి, వంకరపోతే అటే పోతుంది.

అక్కడితో ఆగి ఉంటే ఈ సమీక్ష ఇక్కడే అయిపోయేది. ఇంకొంచెం ఇంకు వస్తే బాగుండు అనిపించింది. సన్నటి బ్లేడుతో ఫీడ్ కాలవను లోతు చేశాను. ఒకసారి గీస్తే కొంచెం మెరుగైంది. మరోసారి గీశాను, ఇంకా మెరుగు. మూడోసారి గీసిన తర్వాత పెన్ను తలకిందులుగా పట్టుకోగానే పాళీ కొసన బొట్టు వేలాడింది, దాని వెనకే ఇంకోటి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నది నా ఫీడ్ విషయంలో అక్షరాలా నిజమైంది. తీసిన పదార్థాన్ని మళ్లీ పెట్టలేం. ఒక చొక్కా, ఒక దుప్పటి పోయాక కొత్త ఫీడ్ తెప్పించుకున్నాను. ఈసారి ఒక్క గీత గీసి, రెండు రోజులు రాసి చూశాక గానీ బ్లేడు మళ్లీ ముట్టుకోలేదు.

ఈ పెన్నుల్లో నాకు బాగా నచ్చిన సంగతి, పాళీ, ఫీడ్ స్క్రూలు లేకుండా బిగుతు మీదే నిలబడతాయి. పాళీని ఒక మిల్లీమీటరు ముందుకు లాగితే వంగే భాగం పొడవై మెత్తగా తోస్తుంది, కానీ ఫీడ్ కొస దూరమై ఇంకు తగ్గుతుంది. లోపలికి నెడితే బిగుసుకుంటుంది, ఇంకు ధారాళం. నాకు సరిపడ్డ చోటు దొరకడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం పట్టింది. కాగితం మీద గుర్తు కూడా పెట్టుకున్నాను, ఎందుకంటే ప్రతిసారి కడిగినప్పుడు మళ్లీ ఆ చోటే వెతుక్కోవాలి.

ఇక పాళీ సంగతి. ఉక్కు పాళీ బంగారు పాళీలా ఎందుకుండదు? ఒకే మందం, ఒకే ఆకారం అనుకుంటే ఉక్కును వంచడానికి బంగారానికి కావాల్సిన బలం కంటే రెట్టింపు పైనే కావాలి. అలాగని ఉక్కు వంగదని కాదు. ఇంకులో ముంచి రాసే పాళీలు ఉక్కువే, వాటిని చాలా పలచగా చేస్తారు కాబట్టి ఇట్టే విచ్చుకుంటాయి. చవక ఫౌంటెన్ పెన్ను పాళీ మందంగా ఉంటుంది, అందుకే చీలిక పొడవు పెంచో, పక్కల్లో ముక్కలు కత్తిరించో మెత్తబరుస్తారు. నా రెండో పెన్ను పక్కల కత్తిరించిన రకం. మొదటిదాని కంటే స్పష్టంగా మెత్తగా ఉంది. మొదటిదానితో ఒక పేజీ రాస్తే బొటనవేలి మొదలు నొప్పి పుట్టేది, దీనితో మూడు పేజీలు పోతుంది. నిజం చెప్పాలంటే ఇది కూడా నొక్కితేనే వంగుతుంది. పాత బంగారు పాళీ ఒకటి స్నేహితుడి దగ్గర రాసి చూశాను, అది తలచుకుంటేనే వంగుతుంది. ఆ పూట నా పెన్నులు ముట్టుకోబుద్ధి కాలేదు.

ఆ రెండో పాళీని కూడా నేను వదల్లేదు. ఎంత విచ్చుకుంటుందో నలుగురికి చూపించే ఉత్సాహంలో రెండు మిల్లీమీటర్లు దాటించాను. టిక్ అని చిన్న చప్పుడు. వదిలాక రెక్కలు పూర్తిగా కలవలేదు, మధ్యలోంచి వెలుతురు కనిపించింది. లోహం సాగే హద్దు దాటిందన్నమాట. చీలిక వెడల్పయితే ఇంకు కొసదాకా పాకదు, పెన్ను మొండి గుర్రంలా మొరాయిస్తుంది. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పెట్టుకుని, ఒక రెక్కను ఇంకోదాని మీదుగా, తర్వాత కిందుగా మెల్లగా దాటిస్తూ దగ్గరికి తెచ్చాను. బాగుపడింది గానీ ఇప్పటికీ ఎడమ రెక్క ఒక పిసరు ఎత్తుగానే ఉంటుంది, పక్కకు గీసినప్పుడు గరగరమంటుంది. అప్పటినుంచి నా హద్దు ఒకటిన్నర మిల్లీమీటరు.

మూడో ప్రయోగం జీ పాళీ. జపాన్‌లో మాంగా బొమ్మలు గీసేవాళ్లు ముంచి వాడే పాళీ అది. పెద్ద సైజు పాళీ పట్టే మామూలు ఫౌంటెన్ పెన్నులో దాన్ని దూర్చేవాళ్లు చాలామంది ఉన్నారు. గీత చూస్తే మతిపోతుంది, వెంట్రుకంత సన్నంలోంచి ఒక్కసారిగా లావులోకి వెళుతుంది. ఆ మొదటి సాయంత్రం ఇక వేరే పెన్నెందుకు అనుకున్నాను. తొమ్మిదో రోజు మూత తీస్తే పాళీ మెడ దగ్గర ఎర్రటి తుప్పు. ముంచి రాసి తుడిచి పెట్టే పాళీ అది, రోజంతా ఇంకులో నానడానికి చేసింది కాదు. పైగా కొసన గట్టి లోహపు గుండు ఉండదు కాబట్టి కాగితాన్ని గీకుతుంది, అరుగుతుంది. పాళీ చవకే, నెలకు రెండు మార్చుకుంటాను అనుకుంటే సరే. నేను దాన్ని కలంపుల్లకు గుచ్చి ముంచి రాయడానికే ఉంచుకున్నాను, అక్కడ అది రాజాలా ఉంది.

తెలుగు రాయడానికి పనికొస్తుందా అని అడుగుతారు. ఇది నేను ఎక్కువగా తంటాలు పడ్డ విషయం. ఫ్లెక్స్ పాళీ కిందికి దించే గీతలోనే విచ్చుకోవాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో అలాంటి నిలువు గీతలు బోలెడు. మనవి గుండ్రటి అక్షరాలు, ప్రతి వంపులో సగం దిగడం, సగం ఎక్కడం. నేను సున్నాను ఎడమ నుంచి కిందికి దించి కుడివైపు ఎక్కిస్తాను, కాబట్టి ఎడమ బుగ్గ లావు, కుడి బుగ్గ సన్నం వస్తుంది. చూడముచ్చటగానే ఉంటుంది. చిక్కంతా తలకట్టు దగ్గర. అది పైకి కొట్టే గీత, మనకు దాన్ని విసురుగా కొట్టే అలవాటు. ఆ విసురులో నొక్కితే పాళీ కొస కాగితంలో గుచ్చుకుని, విడిపించుకునేటప్పుడు పక్క వరస మీద ఇంకు చిమ్ముతుంది. తలకట్టును గాల్లో తేలినట్టు రాయడం నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. కొమ్ములు, దీర్ఘాలు బాగా పండుతాయి. ఒత్తులు మాత్రం చిన్నగా రాస్తే ఇంకు నిండి ముద్దయిపోతాయి. 'స్త్రీ' రాయాలంటే అక్షరం మామూలు కంటే రెట్టింపు పెద్దది చేసుకోవాల్సిందే.

ఇంకుల గురించి ఎక్కువ చెప్పను. ధారాళంగా పారే మామూలు ఫౌంటెన్ పెన్ను ఇంకు చాలు. మెరుపు పొడి కలిపినవి ఈ కాలవల్లో పేరుకుంటాయి. లక్క కలిసిన చిత్రలేఖనపు ఇంకు ఎండితే పెన్ను అయిపోయినట్టే. కాగితం నున్నగా, ఇంకు పీల్చనిదై ఉండాలి, లేకపోతే ఆ వెంట్రుక గీతలన్నీ పాకి ఒకే మందమవుతాయి. లావు గీత ఆరడానికి నిమిషం పైగా పడుతుంది, ఆలోపు చెయ్యి ఆనిస్తే మీ ఇష్టం.

డ్రాపర్‌తో నేరుగా గొట్టంలోకి ఇంకు నింపే పద్ధతి కూడా చేశాను, మరలకు సిలికాన్ గ్రీజు రాసి. ఫ్లెక్స్ పెన్ను ఇంకు తాగే తీరు చూస్తే పెద్ద తొట్టి ఉండటమే మేలనిపిస్తుంది. కానీ ఇంకు పావుకు తగ్గాక చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి పాళీలోంచి బొట్టు కక్కుతుంది. సగం అవగానే నింపుకోవాలి, నాకా శ్రద్ధ లేదు. ఇంకును లోపలికి పీల్చుకునే పిస్టన్‌కే తిరిగొచ్చాను.

నాలుగేళ్ల తర్వాత లెక్క ఇది. మొదటి పెన్ను రోజూ జేబులో ఉంటోంది, విచిత్రంగా దాన్ని ఇప్పుడు చాలా తక్కువ నొక్కుతున్నాను. సంతకంలో రెండు గీతలు, శీర్షికలో నాలుగు అక్షరాలు, మిగతాదంతా మామూలు రాత. అలా వాడితే ఒక్కసారీ మొరాయించలేదు. రెండోది ఉత్తరాలకు, శుభాకాంక్షల కార్డులకు. మూడోది పెన్ను కాకుండా పోయింది. దరఖాస్తులు నింపే పనికి, పరీక్ష రాసే పనికి వీటిలో ఏదీ కొనకండి. తీయగానే రాయాలి, టెన్షన్ ఉండకూడదు అనుకునేవాళ్లకూ వద్దు. పాత సైకిలు, రేడియో విప్పి మళ్లీ బిగించడంలో ఆనందం ఉన్నవాళ్లకైతే ఇంత తక్కువలో ఇంత కాలక్షేపం ఇంకెక్కడా దొరకదు. ఒక్కటే, పెన్నుతోపాటే విడి ఫీడ్ ఇంకొకటి తెప్పించుకోండి.

నా దగ్గర అలాంటిది ఒకటి సొరుగులో ఉంది, ఏడాదిన్నరగా. పొట్లం విప్పలేదు. బ్లేడును పై అంతస్తు బీరువాలో పెట్టాను.