ఎర్ర మారుతి 800 పాత పెయింటూ నల్ల బంపర్లూ: ఎండలకి తట్టుకున్నవేవి, తట్టుకోనివేవి

ముందే చెప్పేస్తా, పాత కారు రంగు వెలిసిపోయిందని వెంటనే ఫుల్ పెయింటింగ్‌కి ఇచ్చేయకండి. మాది 2001 మోడల్ ఎర్ర మారుతి 800, నాన్నగారు కొన్నది, విజయవాడలో ఏళ్ల తరబడి ఎండలోనే పార్కింగ్. రూఫూ బానెట్టూ గులాబీ రంగుకి తిరిగిపోయాయి, వేలితో రాస్తే సుద్దలాగా పొడి అంటుకునేది, బంపర్లు నలుపు పోయి బూడిద రంగుకొచ్చాయి. ఆటోనగర్‌లో చూపిస్తే మేస్త్రి "సార్, దీనికి పాలిష్ ఎక్కదు, గీకేసి కొత్త పెయింట్ కొట్టేద్దాం" అన్నాడు. నేను కొట్టించలేదు. కంపెనీ పెయింట్ మీదే పని చేసుకున్నా, తర్వాత చాలా ఎండాకాలాలు దాటింది, బండి ఇంకా ఎర్రగానే ఉంది. ఈ లోపు వాడిన సామానులో ఏది నిజంగా పనికొచ్చిందో ఏది డబ్బు దండగో రాస్తున్నా.

మొదట తెలుసుకోవాల్సింది మీ బండి మీద క్లియర్ కోట్, అంటే రంగు పైన వేసే పారదర్శక పొర, ఉందా లేదా అని. ఎవరికీ కనపడని మూల, డిక్కీ తలుపు కింద అంచు దగ్గర, తెల్ల బట్ట మీద కొంచెం పాలిష్ వేసి రుద్దండి. బట్టకి కారు రంగు అంటిందంటే క్లియర్ కోట్ లేదు, రంగు పొరే పై పొర. మాకు బట్ట ఎర్రగా వచ్చింది. ఇది మంచి వార్తే, ఎందుకంటే ఇలాంటి పెయింట్‌లో చచ్చిపోయింది పైన ఉన్న పల్చటి పొర మాత్రమే, ఎండకి అందులో నూనెలు ఎండిపోయి ఆక్సిడైజ్ అయిపోతుంది, కింద అసలు రంగు అలాగే ఉంటుంది. అదే మెటాలిక్ రంగు బండికి క్లియర్ కోట్ పొరలు పొరలుగా లేచిపోతోందంటే ఇక ఏ పాలిష్షూ కాపాడదు, ఆ ప్యానెల్ వరకు పెయింట్ కొట్టించాల్సిందే, ఈ మాట చెప్పకుండా సామాను అమ్మేవాళ్లంటే నాకు మండుతుంది.

ఈ పనిలో నాకు బాగా నచ్చింది మెగ్వయర్స్ 7 నంబర్ గ్లేజ్. అందులో రుద్ది గీకే పొడేమీ ఉండదు, మొత్తం నూనెలే. బండి కడిగి, క్లే బార్‌తో (పెయింట్‌కి అతుక్కున్న మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద) గరుకు తీసేసి, సాయంత్రం చల్లబడ్డాక ఒక పాత టవల్ ముక్కతో ఈ గ్లేజ్‌ని బానెట్ మీద దట్టంగా పట్టించి రాత్రంతా వదిలేశా. పొద్దున తుడుస్తుంటే టవల్ నిండా గులాబీ రంగు బురద, కింద ముదురు ఎరుపు కనిపించింది. అంత తేడా ఒక్క కాంపౌండ్‌తో, అంటే పెయింట్‌ని సన్నగా గీకే పేస్ట్‌తో, రాదు, ఎందుకంటే ఎండిపోయిన పెయింట్‌ని పొడిగా ఉండగానే కాంపౌండ్‌తో గీకితే మంచి రంగు కూడా దాంతో పాటే లేచిపోతుంది, ముందు నూనె తాగించి తర్వాత పాలిష్ చేస్తే పైన ఉన్న చెత్త మాత్రమే వస్తుంది. కాకపోతే గ్లేజ్ ఒక్కటీ నిలబడదు, దాని మీద పాలిష్, ఆ పైన వ్యాక్స్ గానీ సీలెంట్ (వ్యాక్స్ బదులు వేసే సింథటిక్ రక్షణ పూత) గానీ పడాలి, లేకపోతే వానలకి మళ్లీ వెలవెలబోతుంది.

మెషీన్ విషయానికొస్తే డ్యూయల్ యాక్షన్ పాలిషరే కొనండి, అందులో ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది. షాపుల్లో తిప్పే రోటరీ మెషీన్ చేయి తిరిగిన మనిషి చేతిలో అద్భుతంగా పనిచేస్తుంది, కానీ ఒకే చోట రెండు క్షణాలు ఆగితే వేడికి పెయింట్ కాలిపోతుంది. కంపెనీ పెయింట్ మందం ప్రైమర్‌తో కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే, అందులో పైన రంగు ఇంకా తక్కువ, అంచుల మీదా బాడీ లైన్ల మీదా మరీ పల్చన. అందుకే అంచులకి మాస్కింగ్ టేప్ వేసి పెట్టుకుని, మెత్తటి ఫోమ్ ప్యాడ్, కాంపౌండ్‌కి మెగ్వయర్స్ అల్టిమేట్ కాంపౌండ్, ఇదే నా సెట్టింగు. త్రీఎం రబ్బింగ్ కాంపౌండ్ కూడా వాడా, డోర్ హ్యాండిల్ దగ్గర గోళ్ల గీతలు పోవడానికి బాగుంది, బండి మొత్తానికి మాత్రం కొంచెం గట్టిది. క్లియర్ కోట్ లేని బండికి ప్యాడ్ త్వరగా రంగుతో నిండిపోతుంది కాబట్టి మధ్యమధ్యలో బ్రష్‌తో దులుపుతూ ఉండాలి, లేకపోతే ఆ ఎండిన ముద్దే కొత్త గీతలు పెడుతుంది.

వ్యాక్స్ దగ్గర చాలామంది డబ్బా మీద రాసింది నమ్ముతారు. కార్నాబా వ్యాక్స్‌తో (ఒక తాటి జాతి చెట్టు ఆకుల మైనం) ఎర్ర రంగుకి వచ్చే నిగారింపు ఇంకే దాంతోనూ రాదు, ఫార్ములా 1 పేస్ట్ డబ్బా చవక, చాలా రోజులొస్తుంది, నేను ఇప్పటికీ వాడతా. కానీ మే నెల ఎండలో మా ఊళ్లో రేకు మీద చెయ్యి పెట్టలేం, ఆ వేడికి వ్యాక్స్ నెల రోజులు నిలబడితే గొప్ప. సింథటిక్ సీలెంట్ అయితే అదే ఎండలో నాలుగైదు నెలలు నీళ్లు ముత్యాల్లాగా నిలబెట్టింది. అందుకే ఫిబ్రవరి చివర్లో సీలెంట్, వానలు తగ్గి చలికాలం మొదలయ్యాక వ్యాక్స్, ఇదే నా పద్ధతి. పెయింట్ మీద గట్టిపడిపోయే సెరామిక్ కోటింగ్‌కి వేలకి వేలు అడుగుతున్నారు, కొత్త బండికైతే ఆలోచించొచ్చు, ఇలాంటి పాత పెయింట్‌కి వద్దనే అంటా, మళ్లీ వెలిసిన రోజు ముందు ఆ కోటింగే గీకాల్సొస్తుంది.

ఇప్పుడు బంపర్ల సంగతి. 800కి ముందూ వెనకా ఉన్న నల్ల ప్లాస్టిక్ బంపర్లు, వైపర్ల కింద జాలీ, ఇవి తెల్లబడ్డాయంటే పెయింట్ ఎంత మెరిసినా బండి ముసలిదిగానే కనిపిస్తుంది. వాటర్ సర్వీసింగ్‌లో టైర్లకీ బంపర్లకీ ఒకటే జిడ్డు పాలిష్ కొడతారు చూడండి, ఆ సాయంత్రానికి దుమ్మంతా అంటుకుని, మొదటి వానకి డోర్ల మీద చారలుగా కారుతుంది, అది అసలు వద్దు. హీట్ గన్‌తో కాల్చితే ప్లాస్టిక్‌లో నూనె పైకొచ్చి కళ్ల ముందే నల్లబడుతుంది, చూడటానికి మాయలా ఉంటుంది కానీ కొన్ని నెలలే, పదేపదే చేస్తే ప్లాస్టిక్ పెళుసవుతుంది. 303 ప్రొటెక్టెంట్ మంచి సరుకే, జిడ్డుండదు, యూవీ నుంచి కాపాడుతుంది, నెలా నెలన్నరకి మళ్లీ రాయాలి, డ్యాష్‌బోర్డుకీ డోర్ రబ్బర్లకీ నేను అదే రాస్తా. బంపర్‌కి మాత్రం సెరామిక్ ట్రిమ్ కోటింగే, అంటే బయటి నల్ల ప్లాస్టిక్ కోసమే చేసిన పూతే, గెలిచింది. ఏడాది దాటినా పైభాగంలో కూడా నలుపు పోలేదు. ఇక్కడ పనంతా క్లీనింగ్‌లోనే ఉంది: క్లీనర్ కొట్టి బ్రష్‌తో రుద్దితే పాత పాలిష్ గోధుమ రంగు నురగలా కారుతుంది, అది తెల్లగా కారేదాకా రుద్దాలి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, పూర్తిగా ఆరాలి, అప్పుడు రాయాలి. ఏమాత్రం జిడ్డు మిగిలినా మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఇంకో మాట, పాలిష్ పనికి ముందే బంపర్లకి టేప్ వేసేయండి, గరుకు ప్లాస్టిక్‌లోకి కాంపౌండ్ పోయి తెల్లగా ఎండిందంటే తీయడానికి ప్రాణం పోతుంది.

ఇంత చేశాక బండిని పాడుచేసేది రోజువారీ తుడుపే. అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే ఒకే బకెట్, ఒకే గుడ్డ, పది కార్లు, పక్క కారు మట్టి మన బానెట్ మీద తిరుగుతుంది, ఎండలో చూస్తే సాలెగూడు గీతలు అందుకే. మా వాచ్‌మన్ అన్నతో మాట్లాడి నెల డబ్బులు మామూలుగానే ఇస్తూ అద్దాలూ టైర్లూ మాత్రం చూడమన్నా, బాడీ నేనే షాంపూతో రెండు బకెట్లు పెట్టుకుని కడుగుతా. సర్ఫ్ వద్దు, వ్యాక్స్‌ని తినేస్తుంది. బోరు నీళ్లైతే ఎండలో ఆరనివ్వకండి, ఉప్పు మచ్చ పడితే సగం నీళ్లు కలిపిన వెనిగర్‌తో వెంటనే పోతుంది, ముదిరితే పాలిషే గతి. పిట్ట రెట్ట కనపడితే సాయంత్రం దాకా ఆగొద్దు, వేడి రేకు మీద అది పెయింట్‌ని కొరికేస్తుంది, తడి గుడ్డ కాసేపు వేసి నానబెట్టి ఎత్తేయండి.

పోనివి కూడా ఉన్నాయి. రూఫ్ ముందు అంచున అరచేతంత చోట రంగు అరిగి ప్రైమర్ కనిపిస్తోంది, దానికి ఏ సీసా లేదు, టచప్ కొట్టించాలి. డోర్ల కింద నీళ్లు పోయే చిల్లులు మట్టితో మూసుకుపోయి లోపలి నుంచి తుప్పు పడుతుంది, 800 ఉన్నవాళ్లు పాలిష్ కొనేముందు ఒక సన్న పుల్లతో ఆ చిల్లులు పొడిచి చూడండి. 1983 డిసెంబర్‌లో కస్టమర్ చేతికిచ్చిన మొట్టమొదటి 800ని కూడా కంపెనీ మళ్లీ బాగుచేయించి హెడ్ ఆఫీసులో పెట్టుకుంది, 2014లో తయారీ ఆగిపోయిన బండి ఇది, రోడ్డు మీద ఉన్నవి తగ్గిపోతున్నాయి. పెయింట్ తప్పదనుకుంటే ప్యానెల్ వరకే కొట్టించండి, రంగు మాత్రం మార్చకండి, మారిస్తే ఆర్సీలో ఎక్కించాల్సొస్తుంది, పైగా 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రెన్యువల్‌కి ఎలాగూ ఆర్టీఓకి వెళ్లాలి. పాలిష్, వ్యాక్స్ ఎలాగూ కావాలి, అవి కాక ఏదో ఒక్కటే కొనగలిగితే గ్లేజ్, రెండు కొనగలిగితే ట్రిమ్ కోటింగ్ కూడా, మెషీన్ ఆ తర్వాత.