జార్జియా కొండల్లో ఆఫ్‌లైన్ మ్యాప్‌తో మూడు వేసవులు

కాకసస్ దేశం జార్జియాలోని కొండ ప్రాంతం స్వనేతికి మూడు వేసవులు వెళ్లాను, మూడుసార్లూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఎవరైనా దిద్దగలిగే ఉచిత మ్యాప్) డేటాతో నడిచే ఆఫ్‌లైన్ మ్యాప్ పెట్టుకునే ప్లాన్ చేశాను. మెస్తియా నుంచి ఉష్గులి దాకా నాలుగు రోజుల దారిలో రాళ్ల మీద, చెట్ల మీద ఎరుపు తెలుపు పట్టీలు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి ఫోన్ పెద్దగా తీయక్కర్లేదు. పక్క లోయల్లోకి తిరిగితేనే మ్యాప్ విలువ తెలుస్తుంది. దారులకి గుర్తులు వేయడం అక్కడ ఇంకా కొత్త. కాకసస్ కొండల మీదుగా వేస్తున్న పొడవాటి నడక దారి ట్రాన్స్‌కాకేషియన్ ట్రైల్ వాలంటీర్లు కొంచెం కొంచెంగా వేసుకుంటూ వస్తున్నారు, ఒకచోట పెయింట్ ఉంటే ఆ తర్వాత గంటసేపు ఏమీ ఉండదు.

నాకు బాగా పనికొచ్చింది కాంటూర్ గీతలు, అంటే ఎత్తు చూపే గీతలు. గంటకి 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట అనే, నడక సమయం అంచనా వేసే పాత నైస్మిత్ లెక్క వేసి, బ్యాగు బరువు కోసం అందులో సగం కలుపుతాను. ఇది దాదాపు ఎప్పుడూ సరిపోయింది.

దారి ఎటు అన్నది మ్యాప్ చెబుతుంది, ఎప్పుడు వెళ్లాలో చెప్పదు. ఆ నాలుగు రోజుల దారిలోనే అదీషి అనే ఊరు దాటాక నది మీద వంతెన లేదు, స్క్రీన్ మీద మాత్రం చుక్కల గీత నీలం గీతని మామూలుగా దాటేసి చ్ఖుత్నియెరి పాస్ (కనుమ) వైపు వెళ్లిపోతుంది. అది హిమానీనదం కరిగి వచ్చే నీరు, పొద్దున తక్కువ, ఎండెక్కేకొద్దీ పెరుగుతుంది. మొదటి ఏడు నేను మధ్యాహ్నం చేరాను. నీళ్లు బూడిద రంగులో ఉన్నాయి, అడుగున రాళ్లు దొర్లే చప్పుడు గట్టు మీదికే వినిపించింది. ఊరివాళ్ల గుర్రం ఎక్కి దాటాను. తర్వాతి రెండేళ్లూ గెస్ట్‌హౌస్ ఆవిడని అడిగి తెల్లారగానే బయల్దేరాను.

నెట్‌లో దొరికే జీపీఎక్స్ ట్రాకులతో (ఎవరో నడిచిన దారి జీపీఎస్ రికార్డులతో) ఇంకా జాగ్రత్త. ఆగస్టులో ఒకటి నమ్మి దిగితే భుజాల ఎత్తు మొక్కల్లో 400 మీటర్లకి గంట పైనే పట్టింది, అవతలి వైపు బయటపడేదాకా ఒకటే టెన్షన్. తీరా చూస్తే అది జూన్ మొదట్లో నడిచిన ట్రాకు, అప్పటికింకా మొక్కలు లేవలేదన్నమాట. ఇప్పుడు ఏ ఏడాదిదో మాత్రమే కాదు, ఏ నెలదో కూడా చూస్తాను.

మ్యాప్‌లోనూ ఆ దారి శుభ్రంగా ఉన్నట్టే ఉండేది. తిరిగొచ్చాక ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అకౌంట్ తెరిచి, దారి ఎంత స్పష్టంగా కనిపిస్తుందో చెప్పే ట్యాగ్‌ని మార్చి, వేసవి చివర్లో మొక్కలు కమ్మేస్తాయని నోట్ రాసి పెట్టాను.