ప్రిడిక్షన్ మార్కెట్ డేటా: మూలం నుంచి తెచ్చుకోవడం మేలా, అన్నీ కలిపిచ్చే టూల్ మేలా?

జరగబోయే సంగతి మీద ‘అవును’, ‘కాదు’ కాంట్రాక్టులు కొని అమ్మే చోటు ప్రిడిక్షన్ మార్కెట్. ధర ఎంత అని అడిగితే దాని దగ్గర ఒకటి కాదు, నాలుగు జవాబులుంటాయి. చివరి లావాదేవీ జరిగిన ధర ఒకటి. కొనేవారు ఇస్తామంటున్నది, అంటే బిడ్, ఇంకొకటి. అమ్మేవారు అడుగుతున్నది, అంటే ఆస్క్, మూడోది. ఆ రెండింటి నడిమి ధర నాలుగోది. ఏ టూల్‌నైనా పరీక్షించేటప్పుడు నేను మొదట చూసేది, ఈ నాలుగింటిలో ఏది ఇస్తున్నదో అది చెబుతుందా లేదా అని. చాలా టూల్స్ చెప్పవు. పట్టికలో ‘ధర’ అని ఒక గడి పెట్టి ఊరుకుంటాయి.

ఇది చాదస్తం కాదు. ఇలాంటి మార్కెట్లు నడిపే సైటు పాలీమార్కెట్ తన తెర మీద మామూలుగా చూపేది నడిమి ధర. బిడ్‌కూ ఆస్క్‌కూ మధ్య తేడా 10 సెంట్లు దాటితే మాత్రం చివరి లావాదేవీ ధర చూపుతుంది. జోరుగా కొనుగోళ్లు సాగే మార్కెట్లో ఈ తేడా ఎవరికీ పట్టదు. పట్టుమని పదిమంది లేని మార్కెట్లో ఆ ‘ధర’ నిన్నటిదీ కావచ్చు, పోయిన వారానిదీ కావచ్చు.

డేటా తెచ్చుకోవడానికి నా ముందున్న దారులు మూడు: ప్రతి సైటు సొంత ఏపీఐ (ప్రోగ్రాములు డేటా అడిగే తలుపు) నుంచి నేరుగా లాగడం, అన్నిటినీ ఒకే క్వెరీలో, అంటే ఒకే అడుగులో, అందించే టూల్ వాడడం, బ్లాక్‌చెయిన్ (లావాదేవీల బహిరంగ చిట్టా) రికార్డు మీద ఎస్‌క్యూఎల్ అనే డేటా ప్రశ్నల భాషలో రాయడం.

మొదటి దారిలో శ్రమ ఎక్కువే గాని, మార్కెట్ తీరు అర్థమయ్యేది అక్కడే. అమెరికాలో కమోడిటీ ఫ్యూచర్స్ నియంత్రణ సంస్థ 2020లో గుర్తించిన ఎక్స్ఛేంజి కాల్షి. దాని జాబితా మూడు మెట్లుగా ఉంటుంది: సిరీస్, ఈవెంట్, మార్కెట్. ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేటు ఒక సిరీస్ అనుకుంటే, ఒక్కో సమావేశం ఒక్కో ఈవెంట్, అక్కడ రాగల ఒక్కో నిర్ణయం ఒక్కో మార్కెట్. ఈ వరుస ఒకసారి మనసుకెక్కితే క్వెరీ రాయడం సులువే. చిక్కంతా ఆర్డర్ బుక్ దగ్గర, అంటే ఇంకా జతపడని ఆర్డర్ల జాబితా దగ్గర. అందులో బిడ్లు మాత్రమే వస్తాయి, ఆస్క్‌లు ఉండవు. మొదటిసారి చూసినప్పుడు అమ్మకాల వైపు డేటా తెగిపోయిందనుకుని అరపూట నా కోడులో తప్పు వెతికాను. తప్పేమీ లేదు. గెలిచిన కాంట్రాక్టుకు వచ్చేది ఒక డాలరు. ‘కాదు’ను 55 సెంట్లకు కొంటానన్నవాడు, నిజానికి ‘అవును’ను 45 సెంట్లకు అమ్ముతానన్నట్టే. కాబట్టి ‘అవును’ బిడ్ 42, ‘కాదు’ బిడ్ 55 అని వస్తే, ‘అవును’ ఆస్క్ 45 అని మనమే లెక్క కట్టుకోవాలి.

పాలీమార్కెట్ తలుపులు వేరు. మార్కెట్ల జాబితాకు గామా అనే ఏపీఐ, ఆర్డర్ బుక్‌కూ ధరలకూ క్లాబ్, లావాదేవీలకూ ఎవరి దగ్గర ఎంత ఉందో చూడడానికీ ఇంకొకటి. గామా ఇచ్చే సమాధానంలో ‘అవును’, ‘కాదు’ ధరలు అంకెల జాబితాగా రావు. జాబితాను అక్షరాల వరుసగా చుట్టి ఇస్తుంది, మళ్లీ ఒకసారి విప్పుకోవాలి. ఇంతకంటే పెద్ద ప్రమాదం టోకెన్ ఐడీ. ఒక్కో ‘అవును’, ‘కాదు’ కాంట్రాక్టును గుర్తించే ఆ ఐడీ డెబ్బైకి పైగా అంకెలుండే సంఖ్య. దాన్ని స్ప్రెడ్‌షీటులో సంఖ్యగానే అతికిస్తే మొదటి 15 అంకెలు మిగిలి, తక్కినవన్నీ సున్నాలవుతాయి. ఆ ఐడీతో ధర అడిగితే రాదు మరి. దాన్ని అక్షరాలుగానే దాచుకోవాలి.

పాత ధరల విషయంలో నా ఓటు కాల్షికే. నిమిషానికో గంటకో రోజుకో ఒక క్యాండిల్, అంటే ఆ వ్యవధిలో ధర కదలిక సారాంశం, ఇస్తుంది. అందులో లావాదేవీ ధరతో పాటు బిడ్, ఆస్క్ కదలికలూ, ఎన్ని కాంట్రాక్టులు చేతులు మారాయన్నదీ ఉంటాయి. పాలీమార్కెట్ ధరల చరిత్ర అడిగితే వచ్చేవి రెండే గడులు: సమయం, ధర. గీత గీయడానికి అది చాలు. ఆ ధర వెనుక ఎంత డబ్బు నిలబడిందో తెలుసుకోవడానికి చాలదు.

ఇక కలిపిచ్చే టూల్. వెతకడంలో దీనికి సాటి లేదు, ఒప్పుకోవాలి. ‘వడ్డీ రేటు’ అని ఒక్క మాట కొడితే రెండు మూడు మార్కెట్ల జాబితాలు ఒకేచోట కనిపిస్తాయి. ఏ మార్కెట్ ఉందో కూడా తెలియనప్పుడు ఇదే మంచి మొదలు. అయితే పేర్లు కలిసినంత మాత్రాన ప్రశ్నలు ఒకటి కావు. నేను వాడిన ఒక టూల్ రెండు చోట్లి మార్కెట్లను జతకట్టి, ఆరు సెంట్ల తేడా ఉందని ఎర్రరంగులో చూపింది. నియమాలు తీసి చదివితే ఒకటి డిసెంబరు 31 వరకు లెక్క, మరొకటి జనవరిలో ఒక ప్రమాణ స్వీకారం వరకు. తేడా ఉండక ఏమవుతుంది?

నియమాల పాఠాన్ని వదిలేసే టూల్‌ను అందుకే నేను పక్కన పెడతాను. 2025లో పాలీమార్కెట్‌లో జెలెన్‌స్కీ జులైలోపు సూటు వేసుకుంటారా అన్న మార్కెట్ నడిచింది. ఆయన జూన్‌లో నాటో సమావేశానికి నల్ల జాకెట్‌తో వచ్చారు. అది సూటా కాదా అన్నది, ఫలితాల మీద వివాదాలను ఓటుతో తేల్చే ఊమా అనే వ్యవస్థ టోకెన్లు ఉన్నవారి ఓటింగ్ దాకా వెళ్లి, చివరికి ‘కాదు’ అని తేలింది. ఆ రోజుల్లో ధర చెప్పింది సూటు గురించి కాదు, ఓటు గురించి. శీర్షికా ధరా మాత్రమే చూసినవారికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

మూడో దారి బ్లాక్‌చెయిన్ మీద లెక్క తీరే మార్కెట్లకే. పాలీమార్కెట్ లావాదేవీలు పాలిగాన్ అనే బ్లాక్‌చెయిన్ మీద నమోదవుతాయి కాబట్టి, ఆ డేటాను ప్రశ్నించనిచ్చే డ్యూన్ లాంటి సైటులో ఎస్‌క్యూఎల్ రాసి ఏ వాలెట్ (ఖాతా) ఎప్పుడు ఎంతకు కొన్నదో తీయవచ్చు. పెద్ద చేతుల కదలిక చూడాలంటే దీన్ని మించింది లేదు. బిడ్, ఆస్క్‌లు మాత్రం దొరకవు. ఆర్డర్లు జతపడేది బ్లాక్‌చెయిన్ బయట, జతపడ్డాకే లోపలికి వస్తాయి. జతపడని ఆర్డరు అక్కడ ఆనవాలు కూడా మిగల్చదు.

మానిఫోల్డ్ అనే ఇంకో ప్రిడిక్షన్ మార్కెట్ సైటును ఈ పోటీలోకి తేలేదు. అక్కడిది మానా అనే ఆట డబ్బు. క్వెరీలు రాయడం నేర్చుకునేవారికి మాత్రం నేను చెప్పేది అదే, ఏపీఐ అంత తేలిక.

ప్రస్తుతం నా పద్ధతి ఇది. మార్కెట్లను కలిపిచ్చే టూల్‌లో వెతుకుతాను, వాటి ఐడీలు తీసుకుని ధరలు మాత్రం మూలం నుంచే తెస్తాను. నా పట్టికలో ధర పక్కన రెండు గడులు అదనంగా ఉంటాయి: అది ఏ రకం ధర, ఎన్ని గంటలకు తీసుకున్నది. రకం గడి ఖాళీగా ఉన్న వరుసను లెక్కలోకి తీసుకోను.