వారానికో కూరగాయల సంచి: లంక పొలంతో రెండున్నరేళ్లు

మొన్న ఆదివారం సంచిలో బెండకాయలు 800 గ్రాములు, దొండకాయలు 900, కిలో 400 తూగిన లేత ఆనపకాయ ఒకటి, బీరకాయలు 600, గుప్పెడు పచ్చిమిరపకాయలు, రెండు కట్టల గోంగూర, ఆషాఢం కాబట్టి మునగాకు వచ్చాయి. అంతా కలిపి నాలుగున్నర కిలోలు దాటింది. 2023 జనవరి నుంచి వచ్చిన ప్రతి సంచినీ ఇలాగే తూచి నోటు పుస్తకంలో రాస్తున్నాను. కట్టిన డబ్బుకు తగినంత వస్తోందో లేదో చూసుకుందామని మొదలుపెట్టాను. ఇప్పుడు ఆ పుస్తకం తిరగేస్తే కృష్ణ ఒడ్డున ఏ నెలలో ఏం పండుతుందో చెప్పే పంచాంగంలా ఉంది.

మేము ఉండేది విజయవాడ పటమటలో. మాకు కూరగాయలు పంపే పొలం తోట్లవల్లూరు వైపు, కరకట్ట దాటి నది పక్కన ఉన్న లంక భూమిలో ఉంది. నాలుగెకరాలు, ఇద్దరు భార్యాభర్తలు, రెండు నాటు ఆవులు. పద్ధతి ఇది: విత్తనం వేయకముందే 12 వారాలకు 4,800 రూపాయలు ఒకేసారి కట్టాలి. ఆ వారం పొలంలో కోసినదాన్ని సభ్యులందరికీ సమానంగా పంచి ఆదివారం ఉదయం ఇంటికి పంపుతారు. ఏది కావాలో మనం చెప్పడానికి ఉండదు. పంట బాగుంటే సంచి బరువెక్కుతుంది, లేకపోతే తేలికవుతుంది, పోయినదానికి డబ్బు తిరిగి రాదు. జపాన్‌లో 1970లలోనే ఇలాంటి ఏర్పాట్లు వచ్చాయి. అమెరికాలో 1986లో మసాచుసెట్స్‌లో ఒక పొలం, న్యూ హాంప్‌షైర్‌లో ఒక పొలం దీన్ని మొదలుపెట్టాయి. మా రైతు దంపతులు మాత్రం ఎక్కడో చూసి నేర్చుకున్నది కాదు. విత్తనాలకూ కూలీలకూ ప్రతి ఏడూ వడ్డీకి అప్పు తేవడం మానాలనుకున్నారు, తెలిసిన ఇళ్లను అడిగారు.

ముందు డబ్బు సంగతి చెబుతాను, ఎక్కువమంది అడిగేది అదే. వారానికి 400 రూపాయలు. నా లెక్కలో సంచి సగటు బరువు నాలుగు కిలోల 800 గ్రాములు. అవే కూరలు రైతుబజారులో మామూలు రోజుల్లో 250 రూపాయలకు దొరుకుతాయి. 1999లో రైతుబజార్లు వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో కూరలు అక్కడివే. ఆ ధరల బోర్డుతో ఏ పొలమూ పోటీ పడలేదు. కాబట్టి డబ్బు ఆదా చేద్దామని ఇందులో చేరవద్దు. నేను ఎక్కువ కట్టేది కూర రుచికి, పురుగుమందు లేని ఆకుకు, నా డబ్బు ఏ చేతికి చేరుతోందో తెలిసినందుకు.

పురుగుమందు లేదన్న మాటకు మొదటి ఏడాది నా దగ్గర నమ్మకం తప్ప కాగితం లేదు. అందుకే నేనే వెళ్లి చూశాను. పాక పక్కన 200 లీటర్ల డ్రమ్ములో జీవామృతం కలుపుతున్నారు. పది కిలోల పేడ, ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. రెండు రోజులు పులియబెట్టి పొలానికి వదులుతారు. పురుగుకు వేపాకుతో నీమాస్త్రం, అది లొంగకపోతే పచ్చిమిరప, వెల్లుల్లి, పొగాకు దట్టించిన అగ్నాస్త్రం. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని ప్రచారం చేస్తోంది. వీళ్లు ఊళ్లో ఆ శిక్షణకు వెళ్లి నేర్చుకున్నారు. తోటి రైతులే ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసి ధ్రువీకరించే పీజీఎస్ బృందంలోనూ తరువాత చేరారు. ఆ కాగితం కన్నా, వంకాయల్లో పుచ్చు ఎందుకు ఎక్కువగా ఉందని నేను అడిగిన రోజు ఆయన నన్ను చాలు వెంట నడిపించి, వాడిన మొవ్వులను తుంచి లోపలి పురుగును చూపించిన తీరు నాకు ఎక్కువ ధైర్యమిచ్చింది. వానాకాలంలో వచ్చే వంకాయల్లో నాలుగో వంతు ఇప్పటికీ కోసి పారేయవలసిందే. అది భరించలేనివారికి ఈ సంచి పనికిరాదు.

మొదటి మూడు నెలలూ నాకు కష్టంగానే గడిచాయి. ఏం వండాలో అనుకుని కూరలు కొనడం అలవాటు. ఇక్కడ వచ్చినదాన్ని చూసి వంట అనుకోవాలి. చలికాలమంతా చిక్కుడు, వంకాయ, టమాటా, ముల్లంగి, కాలీఫ్లవర్ బాగా వచ్చాయి. మార్చి దాటాక దోసకాయ, బెండకాయ, గోరుచిక్కుడు తప్ప మరొకటి లేదు. ఒక సంచిలో పొన్నగంటి కూర, గంగవావిలి కూర వస్తే కలుపు మొక్కలు పంపారనుకుని పక్కన పెట్టాను. మా అత్తగారు చూసి, "అమ్మాయ్, ఇది పారేసే ఆకు కాదు, పెసరపప్పులో వెయ్యి" అన్నారు. ఆవిడ దివిసీమలో పెరిగిన మనిషి. పట్నానికి వచ్చాక ముప్పై ఏళ్లుగా ఆ ఆకు చూడలేదట. ఆ రోజు నుంచి ఆదివారం సంచి విప్పేది ఆవిడే.

2023 జులైలో టమాటా కిలో వంద దాటి పైపైకి పోయింది. ప్రభుత్వం రైతుబజార్లలో 50 రూపాయలకు అమ్మిస్తే బారులు తీరిన జనం. మా సంచిలో ఒక్క టమాటా లేదు. ఫోను చేసి అడిగితే, ఆ రైతు భార్య "ఈ వేడికి ఇక్కడ పూత నిలవదు అక్కా, మనకు టమాటా అంటే చలికాలమే" అంది. పులుపు కోసం గోంగూర, చుక్కకూర, పుల్లదోస, అట్టిపెట్టిన మామిడి ఒరుగు వాడుకున్నాం. ఏడాది పొడవునా టమాటా లేనిదే పొయ్యి వెలిగించని నేను ఆ నెల రోజులూ వెలితి లేకుండా వండాను.

వేసవిలో మాత్రం ఒకటే కూర విరగబడి వస్తుంది. ఒక మే నెలలో వరుసగా నాలుగు వారాలు గోరుచిక్కుడు రెండేసి కిలోలు. ఇరుగుపొరుగుకు పంచినా మిగిలింది. అత్తగారు దాన్ని ఉప్పునీళ్లలో ఒక పొంగు రానిచ్చి, డాబా మీద పాత చీర పరిచి ఎండబెట్టారు. విజయవాడ ఎండకు రెండు రోజుల్లో గలగలలాడే వరుగులయ్యాయి. ఏటా బెండ, దొండ, వంకాయలు కూడా అలాగే డబ్బాలకు ఎక్కుతున్నాయి. ఈ పని చేసే ఓపిక గానీ, చేసేవాళ్లు గానీ ఇంట్లో లేకపోతే వేసవి సంచిలో సగం పాడవుతుంది. మే నెలలో ఆకుకూరలు వాడిపోయి వచ్చేవి కూడా. శనివారం సాయంత్రం కోత మానేసి ఆదివారం తెల్లవారుజామున కోయడం మొదలుపెట్టాక ఆ ఇబ్బంది తగ్గింది.

నాకు నిజంగా కోపం వచ్చింది ఒక్కసారే. 2024 జూన్ మొదటి వారం సంచిలో క్యారట్, క్యాబేజీ ఉన్నాయి. జూన్‌లో లంక భూమిలో క్యారట్ ఎక్కడిది? మార్కెట్లో కొని కలిపారు, మాకు చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే పొలానికి వెళ్లాను. రైతు భార్య దాచలేదు. "సంచి చిన్నగా కనిపిస్తే అందరూ మానేస్తారేమోనని భయపడ్డాం అక్కా" అంది. ఆ భయం నాకు అర్థమైంది, కానీ ఒప్పుకోలేదు. రెండు కిలోలే పండితే రెండు కిలోలే పంపండి, బయటిది కలిపితే చీటీ మీద రాయండి అని చెప్పాను. ఇంకో ఏడెనిమిది ఇళ్లవారూ అదే మాట అన్నారు. ఆ తరువాతి వారం నుంచి ప్రతి సంచిలోనూ చీటీ వస్తోంది. ఏది ఏ మడిలోది, ఎప్పుడు కోసింది, బయటిది ఉందా లేదా అన్నీ ఉంటాయి. ఆ జూన్‌లో ఒక వారం సంచి కిలో 900 గ్రాములే తూగింది. మారుమాట లేకుండా తీసుకున్నాం.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఆ రోజు సంచి రాలేదు. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది, మా ఆడపడుచు కుటుంబం ఐదుగురూ కట్టుబట్టలతో మా ఇంటికి వచ్చారు. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు దిగువకు వెళ్లింది. బ్యారేజీ చరిత్రలో అంత వరద ఎన్నడూ లేదు. ఆ నీరంతా మా పొలం మీదుగా వెళ్లింది. రైతు దంపతులు ఆవులను తోలుకుని కట్ట మీదికి వచ్చేశారు. బీర, దొండ పందిళ్లు కొట్టుకుపోయాయి. సంక్రాంతి తరువాత తవ్వవలసిన కంద, పసుపు నేలలోనే కుళ్లాయి. మా ఇంట్లో తొమ్మిదిమందికి ఆ పది రోజులూ పప్పులో పడింది వేసవిలో ఎండబెట్టిన ఆ గోరుచిక్కుడు వరుగులే. పొలం నీళ్లలో ఉండగా ఆ పొలం కూర తిన్నాం.

కట్టిన డబ్బులో ఇంకా నాలుగు వారాల సంచులు రావాలి. నియమం ప్రకారం తిరిగి ఇవ్వనక్కరలేదు. అయినా ఆయన ఒక్కొక్క ఇంటికీ ఫోను చేసి, "కావాలంటే కొద్దికొద్దిగా ఇచ్చేస్తాను" అన్నారు. కొందరు తీసుకున్నారు. ఇల్లు మునిగినవారు ఎందుకు తీసుకోకూడదు? మేము వద్దన్నాం, తరువాతి 12 వారాల డబ్బూ అప్పుడే పంపాం. నేను చేరిన రోజున పంటలో వాటా అంటే కూరల్లో వాటా అనుకున్నాను. ఆ ఏడు ఖాళీ ఆదివారాల్లో నష్టంలోనూ వాటా అని తెలిసింది. 1,600 రూపాయల నష్టం నాది. ఆరు నెలల కష్టం వాళ్లది.

అక్టోబరు 20న మళ్లీ సంచి వచ్చింది. వరద వదిలిన ఒండ్రులో చల్లిన తోటకూర, మూడు కట్టలు, మరేమీ లేదు. వేళ్లకు ఇంకా బూడిదరంగు మట్టి అంటుకుని ఉంది. పుస్తకంలో "తోటకూర, 1 కిలో 100" అని రాసుకున్నాను. ఒండ్రు వేసిన ఆ నేలలో చలికాలానికి పండిన చిక్కుడు, ముల్లంగి ఈ రెండున్నరేళ్లలోనే మేలైనవి.

చేరాలనుకునేవారు ముందు పొలం చూసి రండి. వరద వస్తే, పంట పోతే ఏం చేస్తారో డబ్బు కట్టకముందే అడగండి. ఇంట్లో ఇద్దరే ఉంటే సగం సంచి ఇస్తారేమో కనుక్కోండి, మా దగ్గర ఇస్తున్నారు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, క్యారట్ ఎలాగూ బయట కొనుక్కోవాలి. పిల్లలు ఆకుకూర ముట్టని ఇంటికి మొదటి ఏడాది గట్టి పరీక్షే. మా అబ్బాయి గోంగూర పప్పు అడిగి వేయించుకోవడానికి ఏడాదిన్నర పట్టింది.

2025 జనవరిలో మా సంచికి కంద రాలేదు. ఈ మే నెలలో మళ్లీ నాటారు. కిందటి వారం వెళ్లి చూస్తే మొక్కలు గొడుగుల్లా విచ్చుకుని ఉన్నాయి. అత్తగారు సంక్రాంతి దాటాక ఆవ పెట్టిన కంద బచ్చలి కూర తినాలని ఇప్పటి నుంచే అనుకుంటున్నారు. వచ్చే 12 వారాల డబ్బు నిన్ననే పంపాను. అందులో ఆగస్టు ఉంది, సెప్టెంబరు ఉంది. ఉదయం పత్రిక రాగానే ఇప్పుడు నేను మొదట చూసేది బ్యారేజీకి ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయనే.